పాత హ్యాండీక్యామ్‌కు మళ్లీ ప్రాణం – మూడో పాఠం: కరెంటు ఎక్కడ ఆగిపోతోంది?

గత పాఠంలో హ్యాండీక్యామ్‌ను, అంటే చేత్తో పట్టుకునే వీడియో కెమెరాను, బల్ల మీద పెట్టుకుని, ఏ మూత ఎటు తెరుచుకుంటుందో, బ్యాటరీ ఎక్కడ కూర్చుంటుందో, అడాప్టర్ పిన్ను ఎక్కడ దూరుతుందో గుర్తుపట్టాం. స్క్రూడ్రైవర్ జోలికి పోలేదు. ఈ పాఠంలోనూ పోం. ఆన్ చేస్తే ఉలుకూ పలుకూ లేని కెమెరాలు నా దగ్గరికి వచ్చినవాటిలో సగానికి పైగా విప్పకుండానే బాగయ్యాయి. అలాంటివాటి జబ్బు కెమెరా బయటే ఉంటుంది. లోపల వెతికితే దొరకదు.

ఈ పాఠాలకు నేను పెట్టుకున్న ఉదాహరణ సోనీ టీఆర్‌వీ తరహా హ్యాండీక్యామ్. 1990ల చివర్లో, 2000ల మొదట్లో మన ఇళ్లకు వచ్చినవి ఎక్కువగా ఇవే. దుబాయ్ నుంచో అమెరికా నుంచో వచ్చినవాళ్ల పెట్టెలో ఒకటి ఉండేది. వెనక ఎన్‌పీ-ఎఫ్ తరహా బ్యాటరీ, పక్కన మడిచే తెర, లోపల హై8 లేదా డిజిటల్8 క్యాసెట్. మీది వేరే కంపెనీదైనా దారి ఇదే, వోల్టుల అంకెలు మాత్రం మారతాయి.

గత ఆషాఢంలో ఒక చెల్లెమ్మ ఇలాంటి కెమెరానే పాత చీరలో చుట్టి తెచ్చింది. "అన్నయ్యా, ఇందులో మా నాన్న షష్టిపూర్తి క్యాసెట్ ఇరుక్కుపోయింది. కెమెరా బాగవకపోయినా పర్లేదు, క్యాసెట్ మాత్రం బయటికి రావాలి" అంది. అంతకుముందు ఎవరో క్యాసెట్ మూత సందులో స్క్రూడ్రైవర్ పెట్టి లేపబోయారు, గీతలు కనబడుతున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. ఈ కెమెరాల్లో క్యాసెట్ బయటికి రావాలంటే మోటారు తిరగాలి. లోపల టేపు, దాని మీది బొమ్మను చదివే గిర్రున తిరిగే డ్రమ్ముకు చుట్టుకుని ఉంటుంది. మోటారు తిరిగితేనే ఆ చుట్టు వదిలి, టేపు పెట్టెలోకి వెనక్కి పోయి, తర్వాత ట్రే పైకి లేస్తుంది. మూత పీకితే టేపు నలుగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. కాబట్టి క్యాసెట్ కావాలన్నా ముందు కరెంటు సంగతే చూడాలి.

మీటరుకు తోడు ఇంకొకటి

మామూలు డిజిటల్ మల్టీమీటర్ సరిపోతుంది. దానితోపాటు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్టులో 15 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి కొనండి. తెల్లగా, సుద్దముక్క లాగా, రెండు కొసల నుంచి తీగలతో ఉంటుంది. ధర చాలా తక్కువ. ఈ పాఠం మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. మొసలి క్లిప్పుల వైర్లు ఒక జత, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, చెవి పుల్లలు కొన్ని, రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకోండి. పుస్తకం తప్పనిసరి. రీడింగు రాసుకోకపోతే రెండో రోజుకు ఏది ముందు చూశామో, ఏది తర్వాత చూశామో తెలియదు.

మొదట గోడ, తర్వాత అడాప్టర్

ప్లగ్గు పెట్టే సాకెట్‌లో కరెంటు ఉందా అన్నది ఫోన్ చార్జర్ పెట్టి చూస్తే తేలిపోతుంది. అయినా ఈ మెట్టు దాటేయకండి.

ఇక అడాప్టర్. వెనక చీటీ చదవండి. సోనీ ఏసీ-ఎల్10, ఎల్15 లాంటి వాటి మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని, అవుట్‌పుట్ డీసీ 8.4 వోల్టులు అని ఉంటుంది. విదేశాల నుంచి తెచ్చినదైనా మన 230 వోల్టులకు భయం లేదు, పిన్నుకు కన్వర్టర్ ఉంటే చాలు. కానీ ఒక కెమెరా అడాప్టర్ ఇంకోదానికి పెట్టొద్దు. జేవీసీ కెమెరాలు చాలావాటికి 11 వోల్టులు వస్తాయి. పెళ్లిళ్లలో భుజాన మోసిన పెద్ద వీహెచ్ఎస్ కెమెరాలది 12 వోల్టుల లెక్క. పిన్ను పట్టకపోతే వైరు కోసి వేరే పిన్ను అతికించేవాళ్లున్నారు. ప్లస్, మైనస్ తారుమారైతే ఒక్క క్షణంలో లోపలి ఫ్యూజు పోతుంది. ఒక్కోసారి ఫ్యూజుతో ఆగదు.

మీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. అడాప్టర్ కొసన ఉండే ఆ చపటా ప్లగ్గులో రెండు సన్న రంధ్రాలుంటాయి, మీటర్ ప్రోబ్ (కొలిచే ముల్లు) లావు, దూరదు. రెండు సన్నని సూదులు తీసుకుని, ఒక్కో రంధ్రంలో ఒకటి పెట్టి, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో చిన్న కాగితం అట్ట ముక్క అడ్డం పెట్టండి. సూదులు పెట్టాకే గోడ స్విచ్ వేయండి. ప్రోబ్‌లు ఆనిస్తే 8.4 దగ్గర్లో అంకె కనబడాలి. ముందు మైనస్ గుర్తు వస్తే ప్రోబ్‌లు అటుదిటు అయ్యాయంతే, నష్టం లేదు.

8.4 చూడగానే "అడాప్టర్ బాగుంది" అని పక్కన పెట్టేస్తాం. చెల్లెమ్మ కెమెరాను అంతకుముందు చూసినవాళ్లూ అలాగే అనుకుని ఉంటారు. మీటర్ తాను కొలిచేదాని నుంచి కరెంటు దాదాపు తీసుకోదు. ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టిన మనిషి బలం ఎంతో మనకెలా తెలుస్తుంది? బస్తా ఎత్తిస్తేనే తెలుస్తుంది. ఆ బస్తా మన రెసిస్టర్.

ఓమ్ సూత్రం స్కూల్లో చదువుకున్నదే. 8.4 వోల్టులను 15 ఓమ్‌లతో భాగిస్తే 0.56 ఆంపియర్లు. దాన్ని మళ్లీ 8.4తో గుణిస్తే దాదాపు 4.7 వాట్లు. తెర వెలిగించి రికార్డు చేస్తున్న హ్యాండీక్యామ్ తినేది కూడా సుమారుగా ఇంతే. అంటే ఈ రెసిస్టర్ మన బల్ల మీద కెమెరా వేషం వేస్తుంది. నిజం కెమెరాకు ఏ ప్రమాదమూ ఉండదు.

గోడ స్విచ్ ఆపి, మొసలి క్లిప్పులతో రెసిస్టర్‌ను ఆ రెండు సూదులకు తగిలించండి. రెసిస్టర్‌ను పింగాణీ పళ్లెంలో పెట్టండి. నిమిషంలోనే చేయి కాలేంత వేడెక్కుతుంది, ముట్టుకోవద్దు. ఇప్పుడు స్విచ్ వేసి మీటర్ చూడండి. మంచి అడాప్టర్ అయితే 8.4 కాస్తా 8.3కో 8.2కో దిగి అక్కడే నిలబడుతుంది. పదినిమిషాలు చూడండి. పాడైనది రెండు రకాలుగా దొరికిపోతుంది: పెట్టగానే 5, 6 వోల్టులకు కూలిపోతుంది, లేదా అంకె పైకీ కిందికీ ఊగులాడుతుంది. ఏళ్ల తరబడి బీరువాలో పడున్న అడాప్టర్‌లో కెపాసిటర్లు (కరెంటును కాసేపు దాచుకునే భాగాలు) ఎండిపోవడమే దీనికి మామూలు కారణం. చెల్లెమ్మ తెచ్చిన అడాప్టర్ ఖాళీగా 8.4 చూపించింది. రెసిస్టర్ తగిలించగానే 4.9.

నా దగ్గరున్న మంచి అడాప్టర్ పెట్టి ఎజెక్ట్ మీట నొక్కాను. లోపల సన్నగా మోటారు మూలిగింది, రెండు సెకన్లు ఆగింది, మళ్లీ మూలిగింది, ట్రే లేచింది. క్యాసెట్ చేతికిచ్చాను. ఆమె దాన్ని అక్కడ ప్లే చేయమని కూడా అడగలేదు, చీర కొంగులో పెట్టుకుంది.

రెసిస్టర్ బదులు బండి ఇండికేటర్ బల్బును లోడ్‌గా, అంటే మన బస్తాగా, వాడొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. బల్బు ఫిలమెంట్ చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం చాలా తక్కువ, మొదటి క్షణంలో కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. ఆ దెబ్బకు మంచి అడాప్టర్ కూడా రక్షణలోకి వెళ్లి ఆగిపోవచ్చు, మనం దాన్ని అన్యాయంగా చెత్తబుట్టలో వేస్తాం. రెసిస్టర్‌తో ఆ పేచీ లేదు.

పాడైన అడాప్టర్‌ను మాత్రం విప్పకండి. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చాక లోపలి పెద్ద కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టులు నిలబడతాయి, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కాసేపు ఉంటాయి. అడాప్టర్ కొత్తది కొనుక్కోవచ్చు.

బ్యాటరీకీ అదే పరీక్ష

ఎన్‌పీ-ఎఫ్ బ్యాటరీ మీద 7.2 వోల్టులు అని రాసి ఉంటుంది. లోపల రెండు లిథియం సెల్లులు వరసలో ఉంటాయి, నిండుగా చార్జ్ అయితే 8.4. కరెంటు ఇచ్చేవి ప్లస్, మైనస్ గుర్తులున్న రెండు కాంటాక్టులు. ఇంకోటి కెమెరాతో మాట్లాడుకోవడానికి, దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

నిండా చార్జ్ చేసి కొలవండి, తర్వాత రెసిస్టర్ తగిలించి ఐదు నిమిషాలు చూడండి. నా బల్ల మీద లెక్క ఇది: ఐదు నిమిషాలకు కూడా 7.5 పైన నిలిస్తే బ్యాటరీకి ఇంకా సత్తువ ఉంది. నిమిషంలోనే 6.5 వైపు జారితే ముసలిదైపోయింది. అలాంటి బ్యాటరీతో కెమెరా ఎలా ప్రవర్తిస్తుందో చూస్తే చాలా సందేహాలు తీరతాయి. ఆన్ చేస్తే తెర వెలుగుతుంది, బ్యాటరీ గుర్తు కూడా నిండుగా కనబడొచ్చు. క్యాసెట్ పెట్టి మూత వేయగానే చచ్చిపోతుంది. టేపును డ్రమ్ముకు చుట్టే మోటారు, డ్రమ్ము మోటారు అప్పుడే లేస్తాయి, ఆ ఒక్క గుంజుడుకు వోల్టేజీ పడిపోతుంది. "క్యాసెట్ లేకపోతే ఆన్ అవుతోంది, పెడితే ఆగిపోతోంది, మెకానిజం పోయినట్టుంది" అని విప్పేస్తారు. మెకానిజం మీద అనుమానం వచ్చేముందు మంచి అడాప్టర్ పెట్టి చూడండి. దానితోనూ అలాగే చేస్తే అప్పుడు నిజంగా లోపల చూడాలి.

రీడింగు సున్నా వచ్చిందా? చాలా ఏళ్లు వాడకుండా వదిలేసిన బ్యాటరీ మరీ కిందికి దిగిపోతే లోపలి రక్షణ సర్క్యూట్ దాన్ని మూసేస్తుంది. నేరుగా వైర్లు పెట్టి "లేపే" చిట్కాలు చాలామంది చెబుతారు. వద్దు. అంత లోతుకు దిగిన లిథియం సెల్లును బలవంతంగా చార్జ్ చేస్తే లోపల షార్టై మంటలు రావచ్చు. ఉబ్బిన బ్యాటరీనీ అంతే, కెమెరాలోంచి మెల్లగా తీసి, కాంటాక్టుల మీద టేపు వేసి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. చెత్త బండిలో వేయకండి.

ఈ బ్యాటరీ కొత్తది ఇప్పటికీ దొరుకుతుంది. పెళ్లి వీడియోల వాళ్లు వాడే ఎల్‌ఈడీ లైట్లు, చిన్న మానిటర్లు ఇదే ఎన్‌పీ-ఎఫ్ ఆకారం మీద నడుస్తున్నాయి కనుక కొత్తవి ఇంకా తయారవుతున్నాయి. అయితే కొనేటప్పుడు తూకం చూడండి. ఎఫ్970 సైజు పెద్ద బ్యాటరీలో ఆరు సెల్లులుండాలి. ఒక్కో సెల్లు సుమారు 45 గ్రాములు, అంటే సెల్లులే 270 గ్రాములు. నేను ఒకసారి 6600 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత చార్జ్ దాచుకుంటుందో చెప్పే లెక్క) అని అచ్చేసి ఉన్న ఆ సైజుదే కొని, ఇంటికొచ్చి కిరాణా కొట్టు తక్కెడలో వేస్తే 160 గ్రాములు కూడా తూగలేదు. దాదాపు సగం ధర ఖాళీ ప్లాస్టిక్‌కు కట్టినట్టయింది. అప్పటినుంచి తూకం వేయకుండా కొనను. కొన్ని కెమెరాలు బయటి కంపెనీ బ్యాటరీ పెడితే తెర మీద సి:04:00 అనే హెచ్చరిక కోడ్ చూపిస్తాయి. ఆ బ్యాటరీ కెమెరాతో మాట్లాడలేకపోతోందని దాని అర్థం, కెమెరా పోయిందని కాదు.

పిన్ను దూర్చి ఉంచితే బ్యాటరీ పనిచేయదు

ఇది తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఎంతమందో. ఈ హ్యాండీక్యామ్‌లలో డీసీ ఇన్ సాకెట్‌కే మొదటి హక్కు. అడాప్టర్ పిన్ను అందులో ఉంటే, గోడ దగ్గర స్విచ్ వేయకపోయినా సరే, బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోదు. నిండు బ్యాటరీ వెనకే ఉంటుంది, వైరు వేలాడుతూ ఉంటుంది, కెమెరా శవంలా ఉంటుంది. పిన్ను లాగేస్తే లేస్తుంది.

దీన్నే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లండి. అడాప్టర్‌తో చక్కగా నడుస్తూ, పరీక్షలో నెగ్గిన బ్యాటరీతో మాత్రం ఆన్ కాని కెమెరా మీ దగ్గర ఉంటే, ముందు బ్యాటరీ కాంటాక్టులు శుభ్రం చేయండి. అయినా లాభం లేకపోతే డీసీ ఇన్ సాకెట్‌ను అనుమానించండి. పిన్ను తీసేసినా ఇంకా ఉన్నట్టే అనుకుంటూ ఉండొచ్చు. పిన్నును పదిసార్లు మెల్లగా దూర్చి తీస్తే కొన్నిసార్లు లోపలి కాంటాక్టు వదులుతుంది. దీనికి వ్యతిరేకంగా బ్యాటరీతో నడిచి అడాప్టర్‌తో నడవకపోతే, పిన్నును వేలితో కొద్దిగా పైకీ కిందికీ కదిపి చూడండి. కదిపినప్పుడల్లా తెర వెలిగి ఆరిపోతుంటే సాకెట్ దగ్గర డ్రై సోల్డర్. టంకం పగిలిందన్నమాట. దాని వైద్యం వచ్చే పాఠంలో.

చిలుము

సముద్రం దగ్గర ఇళ్లలో, విశాఖలో, కాకినాడలో, బీరువాలో పెట్టిన కెమెరా కాంటాక్టుల మీద కూడా సన్నని పొర పడుతుంది. బ్యాటరీ తీసి, కెమెరా వైపు కాంటాక్టులను టార్చి వెలుగులో ఏటవాలుగా చూడండి. మెరవాల్సిన లోహం మసకగా, కొసన పచ్చగా ఉంటే అదే. చెవి పుల్లను ఆల్కహాల్‌లో ముంచి, విదిలించి, ఒకే దిశలో రుద్దండి. పుల్ల నల్లబడితే మార్చండి. తెల్లగా వచ్చేదాకా నాలుగైదు పుల్లలు పడతాయి. గరుకు కాగితం వాడొద్దు, పైపూత పోతే చిలుము ఇంకా త్వరగా పట్టేస్తుంది. ఆరడానికి పది నిమిషాలు ఇచ్చి అప్పుడు బ్యాటరీ పెట్టండి.

పవర్ స్విచ్ కూడా ఇలాగే మొరాయిస్తుంది. కరెంటు మొత్తం తీసేసి, ఆఫ్ నుంచి కెమెరా వైపుకు, మళ్లీ ప్లేయర్ వైపుకు ముప్పై సార్లు తిప్పండి. ఆ రాపిడికే చాలావరకు దారి పడుతుంది.

జబ్బు కానివి

బ్యాటరీ మీద, క్యాసెట్ లోపల ఉండగా, రికార్డు నొక్కకుండా స్టాండ్‌బైలో వదిలేస్తే కెమెరా సుమారు ఐదు నిమిషాలకు తనంతట తానే ఆగిపోతుంది. టేపు ఒకేచోట డ్రమ్ముకు రాసుకుంటూ ఉండకూడదని, బ్యాటరీ వృథా కాకూడదని అలా తయారుచేశారు. గడియారం పెట్టి చూసి, ప్రతిసారీ ఐదు నిమిషాలకే ఆగుతోందంటే సంతోషించండి.

సి:21:00 అని వస్తే లోపల తేమ. ఏసీ గదిలోంచి వానాకాలం వరండాలోకి తెస్తే వచ్చేస్తుంది. అప్పుడు ఎజెక్ట్ తప్ప మరేదీ పనిచేయదు. క్యాసెట్ తీసి, మూత తెరిచి కనీసం గంటసేపు వదిలేయండి. హెయిర్ డ్రయర్ పెట్టకండి. సి:31, సి:32తో మొదలయ్యేవి వస్తే బ్యాటరీ, అడాప్టర్ రెండూ తీసేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. తెర వెలిగి మీటలు పలకకపోయినా ముందు ఇదే చేయండి. లాభం లేకపోతే చాలా మోడళ్లలో రీసెట్ అని చిన్న బొడిపె ఉంటుంది, పుల్ల కొసతో నొక్కాలి. తేదీతో సహా అమరికలన్నీ మొదటికొస్తాయి.

ఇవన్నీ దాటినా కెమెరా లేవకపోతే, లేక ఆన్ అయి రెండు సెకన్లలో ఆరిపోతూ, మూత సందు దగ్గర ముక్కు పెడితే చేపల వాసన లాంటిది వస్తుంటే, అడాప్టర్ కూడా తీసి పక్కన పెట్టేయండి. 1980ల చివరి, 1990ల మొదటి కెమెరాల బోర్డు మీది చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కారి, రాగి దారులను తినేస్తున్నాయన్నమాట. కరెంటు ఇస్తూ పోతే నష్టం పెరుగుతుంది. వాటిని మార్చడం ఐదో, ఆరో పాఠాల పని.

వచ్చే పాఠానికి ముందు

నోటుపుస్తకంలో నాలుగు అంకెలు రాయండి: అడాప్టర్ ఖాళీగా, అడాప్టర్ లోడ్ మీద, బ్యాటరీ ఖాళీగా, బ్యాటరీ లోడ్ మీద ఐదు నిమిషాలకు. పక్కన తేదీ వేయండి.

ఇంకో పని ఈ రాత్రే మొదలుపెట్టండి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ అడుగుతోందంటే గడియారాన్ని నడిపే చిన్న సెల్లు ఖాళీ అయింది. కొన్ని మోడళ్లలో అది సీఆర్2025 బటన్ సెల్లు, చిన్న మూత తీసి మార్చుకోవచ్చు. మూత కనబడకపోతే లోపల చార్జ్ అయ్యే రకం ఉన్నట్టు. కెమెరా మూడు నాలుగు నెలలు వాడకపోతే అది పూర్తిగా దిగిపోతుంది. పరీక్షలో నెగ్గిన అడాప్టర్ పెట్టి, పవర్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, 24 గంటలకు పైగా వదిలేయండి. రేపు రాత్రి తేదీ పెట్టి, అడాప్టర్, బ్యాటరీ తీసేసి, ఎల్లుండి పొద్దున మళ్లీ ఆన్ చేసి చూడండి. తేదీ నిలిచిందో లేదో అయిదో అంకెగా రాసుకోండి. డీసీ ఇన్ సాకెట్ టంకం చూడటానికి కెమెరా విప్పే రోజున ఆ సమాచారంతో పని ఉంటుంది.